దాచిపెట్టిన బూట్లు

భవానీపురం ఇల్లు బిల్డరుకి ఇచ్చేశామనీ, పడగొట్టేలోపు వచ్చి అత్తయ్య బీరువాలో నాకేమైనా కావాలంటే తీసుకెళ్ళమనీ తమ్ముడు జోసెఫ్ ఫోన్ చేశాడు. అత్తయ్య పోయిన తర్వాత ఆ బీరువా జోలికి ఎవరూ సరిగా వెళ్ళలేదు. పటమట నుంచి ఆటోలో నేను చేరేసరికి వాడు తలుపులు బార్లా తీసి పెట్టాడు. మడత నలగని తెల్ల చీరలు, నర్సు ఉద్యోగంలో రవిక మీద పిన్నుతో తగిలించుకున్న గడియారం, రబ్బరు పెళుసెక్కిన వేడినీళ్ళ సంచి. అడుగు అరలో పురికొసతో కట్టిన అట్టపెట్టె. ఆ ముడి చూడగానే అత్తయ్య వేసిందని తెలిసింది. గాయానికి కట్టు కట్టినట్టే అన్నిటికీ కట్టేది, కొస బయటికి కనపడనిచ్చేది కాదు. విప్పితే లోపల కలరా ఉండలు ఎప్పుడో కరిగిపోయి వాసన మాత్రం మిగిలింది. తెలుపు, గోధుమ రంగు కలిసిన తోలు బూట్లు. ముందు భాగంలో కుక్కిన కాగితం ఉండలు కూడా అలాగే ఉన్నాయి. తిరగేసి చూస్తే అడుగున ఉక్కు మేకులు, రెండు మేకుల మధ్య చిటికెడు మట్టి, అందులో ఎండిపోయిన గడ్డి పోచ.

“ఇయ్యేంటక్కా, క్రికెట్ బూట్లా?” అన్నాడు జోసెఫ్.

“గోల్ఫువి. నీకు గుర్తులేదా, అత్తయ్య నాకు నేర్పింది?”

వాడు కాసేపు ఆలోచించి, “తుమ్ములు గుర్తున్నయ్యి” అని నవ్వాడు. అప్పటికి వాడు మరీ చిన్నవాడు.

ఎస్తేరు అత్తయ్య నాన్నకి అక్క. నీలగిరుల్లో ఒక మిలిటరీ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. వార్డు మెట్ల మీద జారిపడి కుడి మోకాలు దెబ్బతిన్నాక, ఉద్యోగం మానేసి మా ఇంటికి వచ్చేసింది. ఆమెతో పాటు ఒక ట్రంకు పెట్టె, డెట్టాల్ వాసన, కాన్వాసు సంచిలో కొన్ని వంకర కర్రలు వచ్చాయి. వాటికి వేరే పేర్లున్నా మా ఇంట్లో చివరిదాకా కర్రలనే అన్నాం. మొదటిరోజు మామ్మ వాటిని ఒక్కొక్కటీ తీసి చూసింది.

“ఇయ్యేందే ఎస్తేరూ, జామకాయలు కోసుకోటానికా?”

“ఆటకమ్మా. అక్కడ ఆఫీసర్ల ఆడవాళ్ళు ఆడతారు. వాళ్ళతో నేనూ ఆడేదాన్ని.”

మామ్మ ఆమె మోకాలి వంక చూసి, కర్రలు సంచిలో పెట్టేసింది. ఆసుపత్రిలో ఒక పెద్ద అధికారి భార్యకి అత్తయ్య సేవ చేసిందట. ఆవిడ కోలుకుంటూ, తోడుకి అత్తయ్యని మైదానానికి తీసుకెళ్ళి, ఊరికే నిలబెట్టడమెందుకని ఆట నేర్పింది. అత్తయ్యకి అది సేవ చేసినంత తేలిగ్గా వచ్చిందని ఆవిడే అనేదట. ఈ సంగతులు అత్తయ్య ఏకబిగిన ఎప్పుడూ చెప్పలేదు. బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ ఒకటి, దుప్పట్లు మడతపెడుతూ ఒకటి చెప్పేది.

మా ఇంట్లో తెల్లవారడమంటే ఊకపొయ్యి పొగ. అమ్మ ముందురోజు సాయంత్రమే పొయ్యిలో ఊక కూరి పెట్టేది. నిద్ర లేచేసరికి నీళ్ళు సలసల కాగుతూ ఉండేవి. మామ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే మధ్యలో పాలు చూడమని కేకేసేది. నాన్న వన్ టౌన్‌లో మిర్చి, బెల్లం టోకు కొట్లో గుమాస్తా. సైకిలు మీద వెళ్ళి చీకటి పడే వేళకి వచ్చేవాడు. స్నానం చేసేదాకా ఆయన్ని ముట్టుకోకూడదు, ఆ చొక్కాలోని మిరప ఘాటు కళ్ళలో పడితే ఇక ఏడుపే. మాది చెప్పులు గుమ్మంలోనే విడిచే ఇల్లు. వెనక దొడ్డి కూడా ఇంటి కిందే లెక్క, అక్కడికీ వట్టి కాళ్ళతోనే వెళ్ళేవాళ్ళం.

నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఒకరోజు వాన వెలిశాక, చంకనొక బిందె, చేతిలో ఒక బకెట్టుతో బురద సందులో నడిచి వస్తుంటే, అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. “నీ కాళ్ళు బాగున్నయ్యే కరుణా” అంది. జడ బాగుందని చెప్పినవాళ్ళున్నారు గాని, కాళ్ళ సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. కర్ర మాత్రం చేతికివ్వలేదు.

“కర్ర ఎప్పుడిస్తావత్తయ్యా?”

“నిలబడటం వచ్చాక.”

“నాకు నిలబడటం రాదా?”

“రాదు. నువ్వు ఒంటికాలి మీద వేలాడుతున్నావు. ఈ ఇంట్లో అందరూ అంతే, గుంజ దొరికితే దానికి జారబడతారు.”

ఊకపొయ్యి బూడిద మెత్తగా, బియ్యప్పిండిలా ఉంటుంది. అత్తయ్య దాన్ని జల్లించి, ఊడ్చిన దొడ్లో మునగచెట్టు పక్కన పలచగా పరిచేది. లంగా కుచ్చెళ్ళు నడుముకి దోపుకుని దాని మీద నిలబడాలి. చేతులు రెండూ కలిపి పట్టుకుని కుడివైపుకి వెనక్కి ఎత్తి, ఎడమవైపుకి తిప్పి, అలా నిలిచిపోవాలి. ఆ తర్వాత జాగ్రత్తగా పక్కకి తప్పుకోవాలి. అప్పుడామె చేతికర్ర ఊతంగా వంగి, ఎక్స్‌రే చూసినట్టు నా అడుగులు చూసేది. “ఇదిగో, కుడికాలు బయటి అంచు ఎంత లోతు దిగిందో చూడు. వెనక్కి తిరిగేటప్పుడు బరువంతా బయటికి ఒరిగిపోయింది. పోయిన బరువు తిరిగి రాదే. లోపలి అంచు మీద ఆపుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ముందు ఎడమ మడమ నేలకి ఆనాలి, ఆ తరవాతే చేతులు.” కుడిపాదం బయటి అంచు కింద పెంకు ముక్క పెట్టి, ఒరగకుండా చేసేది. పాదాలు రెండూ దగ్గరగా చేర్చి తిప్పమనేది, తూలితే చేతులతో లాగుతున్నట్టు లెక్క. ఆఖరున కుడి మడమ పైకి లేచి, బొటనవేలి కొస ఒక్కటే నేలని తాకుతూ ఉండాలి. ఆ భంగిమలో నిలిపి, ఆమె పొయ్యి మీద పప్పు చూసి వచ్చేది. నేను కదలకూడదు.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎంత చెప్పినా మారలేదు. బూడిదలో నా కాలివేళ్ళ దగ్గర అయిదేసి గుంటలు పడేవి.

“కోడి గీరినట్టు గీరుతున్నావేంటే నేలని? వేళ్ళు వదులు చెయ్.”

మామ్మ అరుగు మీద నుంచి అందుకునేది. “ఎట్టా వదులు చేస్తదే? గట్ల మీద నారు మోసిన వంశం మనది. వేళ్ళు ఆనకపోతే నేను కాలవలోనే ఉండేదాన్ని, నువ్వు పుట్టేదానివీ కాదు.”

అత్తయ్య నవ్వి, కొన్నాళ్ళకి ఆ ఒక్కటీ వదిలేసింది. “పోనీలే, మీ మామ్మ ఇచ్చిన ఆస్తి, వాడుకో” అంది. నిజానికి నా ఆట మొత్తం ఆ వేళ్ళ మీదే నిలబడింది. తడి మట్టిలోనైనా, ఏటి ఒడ్డు ఇసుకలోనైనా వేళ్ళు నేలని పట్టుకుంటే, ఆ పైన ఒళ్ళంతా ధైర్యంగా తిరిగేది.

కర్ర చేతికొచ్చాక, బంతి దూరం పోకుండా నాన్న కొట్టు నుంచి పాత గోనెలు తెచ్చాడు. అమ్మ వాటిని కలిపి కుట్టి తాడుకి వేలాడదీసింది. అవి మిర్చి గోనెలు. బంతి తగిలినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి, నేనూ అత్తయ్యా తమ్ముడూ వరసగా తుమ్మేవాళ్ళం. “తుమ్మినా పాదం కదలకూడదు” అనేది అత్తయ్య, తను తుమ్ముతూనే. పక్కింటి సుబ్బమ్మగారు గోడ మీద నుంచి తొంగిచూసి, “సిస్టరుగారండీ, పిల్లకి కర్రసాము నేర్పిస్తన్నారా? రేపు వచ్చే అల్లుడికి చెప్పండి ముందే” అంది. అత్తయ్య తొణకలేదు. “చెబుతానండి. ఆయనకీ నిలబడటం వచ్చో రాదో చూసే ఇస్తాం” అంది. ఆదివారం గుడి అయ్యాక ఏటి ఒడ్డుకి వెళ్ళేవాళ్ళం. గట్టిపడిన ఇసుక మీద నుంచి కొట్టిన బంతి చాలా దూరం వెళ్ళి పడేది. ఆ చప్పుడు మనసుకి తెలుస్తుంది, సరిగ్గా తగిలినప్పుడు చేతికి ఏమీ తగలనట్టే ఉంటుంది. అత్తయ్య బంతి ఎటు పోయిందో ఎన్నడూ చూసేది కాదు. ఆమె చూపు నా మడమల మీదే.

నీలగిరుల్లో అత్తయ్యకి తెలిసిన ఒక మేజరుగారి భార్య అప్పటికి సికింద్రాబాదు వచ్చి, అక్కడి గోల్ఫ్ క్లబ్బులో ఆడవాళ్ళ వ్యవహారం చూస్తోంది. నెల్లూరు వైపు మనిషి. వానలు మొదలయ్యాక కొందరు ఆడపిల్లల్ని ఆడించి చూస్తామనీ, ఎంపికైనవాళ్ళని అక్కడే హాస్టల్లో ఉంచి, కాలేజీలో చేర్పించి, ఆట నేర్పిస్తామనీ ఆవిడ కబురు పంపింది. ఆ సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చేదాకా ఆగి, అత్తయ్య విషయం చెప్పింది. నాన్న చాలాసేపు తువ్వాలుతో తల తుడుచుకుంటూనే ఉన్నాడు.

“అక్కా, దొడ్లో ఆడుకుంటే ఎవరేమన్నా నేను పట్టించుకోలేదు. ఊరుగాని ఊర్లో పిల్లని ఉంచటం అంటే...”

“ఒక్కసారి చూడనీ తమ్ముడూ. వాళ్ళు తీసుకుంటే సరే. తీసుకోకపోతే నేను మళ్ళీ ఈ ఊసెత్తను. కర్ర కూడా ముట్టుకోను.”

“నువ్వెందుకు ముట్టుకోకుండా ఉండటం?”

“నేనింక ఎట్టాగూ ఆడలేను గదా. దీని కాళ్ళతోనే ఆడుతున్నా.”

నాన్న తువ్వాలు దండెం మీద వేసి, సరే అన్నాడు.

మర్నాడు అత్తయ్య ట్రంకులోంచి ఈ అట్టపెట్టె తీసింది. పాతవై ఉంటాయనుకున్నాను గాని, తిరగేసి చూస్తే అడుగు తోలు మీద గీత కూడా లేదు. వేసుకుని చూస్తే పట్టాయి. కొంచెం బిగువు. దొడ్లోకి దిగబోతుంటే మామ్మ కేకేసింది.

“ఒసే, ఇప్పుడేసుకుంటే ఆ రోజుకి పాతయ్యి అవ్వవా?”

ఈ మాట ఇప్పటివాళ్ళకి అర్థం కాదు. మా ఇంట్లో కొత్తదేదైనా ఒక రోజు కోసమే. క్రిస్మసుకి కుట్టించిన బట్టలు ముందే వచ్చినా, పెట్టె తీసి వాసన చూసుకోవడమే, ఒంటి మీద వేసుకోకూడదు. చెప్పులైనా అంతే. పండగ తెల్లవారుజామున, గుడి గంట కొట్టాకే కాలికి తగలాలి. అవి బిగుతో వదులో గుడి సగం దారిలో తెలిసేది. నా చిన్నప్పటి క్రిస్మసులన్నీ కుంటుతూనే గడిచాయి. ఎవరికీ అది తప్పనిపించలేదు. కొత్త చెప్పులు కరవడం కూడా పండగలో భాగమే.

అత్తయ్య మెల్లిగా, “ఒక్కసారి నడిచి చూస్తే మంచిదేమోనమ్మా” అంది.

“బురద అంటుద్దే. అంత మంచి తోలు. దొరసానుల మధ్య పాత బూట్లతో నిలబడుద్దా పిల్ల?”

అత్తయ్య దొడ్లో బురద వంక చూసింది. నా కాళ్ళ వంక చూసింది. నేను చూస్తుండగానే వంగి, తనే లేసులు విప్పి, బూట్లలో కాగితాలు కుక్కి, పెట్టెలో పెట్టేసింది. ఆ రోజు ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. ఆదివారం పాస్టరుగారు ఇంటికి వచ్చినప్పుడు మామ్మ పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. “బూట్లండి అయ్యగారూ. పిల్ల పోటీకి పోతంది. ఒక మాట ప్రార్థన చెయ్యండి.” ఆయన నవ్వాపుకుని, పెట్టె మీద చెయ్యి పెట్టి, పిల్ల కాలు జారనివ్వకు తండ్రీ అని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. బయల్దేరేదాకా నేను దొడ్లో వట్టి కాళ్ళతోనే సాధన చేశాను.

సికింద్రాబాదులో ఆ ఉదయం గడ్డి అంతా తడిగా, పచ్చగా ఉంది. అంత గడ్డి ఒకేచోట నేనప్పటిదాకా చూడలేదు. అత్తయ్య నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, కాగితాలు తీసి, బూట్లు తొడిగి, పసిపిల్లకి కట్టినట్టు లేసులు కట్టింది. లేచి నిలబడగానే నేను పొడుగయ్యాను, నేల ఎక్కడికో పోయింది. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు అలవాటుగా వేళ్ళు నేల కోసం వెతికాయి. వాటికి దొరికింది తోలు. మేకులు గడ్డిలో దిగబడి పాదాన్ని తిరగనివ్వలేదు. బరువు కుడికాలు బయటి అంచుకి ఒరిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది, బూడిదలో చూసినంత స్పష్టంగా. కర్ర బంతి నెత్తిన తగిలి, అది కప్పలా గెంతుకుంటూ కొంచెం దూరం పోయి ఆగింది. తర్వాతవీ అంతే. నడిచేకొద్దీ మడమలు ఒరుసుకుని బొబ్బలు లేచాయి. బొబ్బల నొప్పికి మడమ ఆనించడం మానేశాను, మడమ ఆనకపోతే అత్తయ్య నేర్పింది ఏదీ మొదలే కాదు.

పక్కన నడుస్తున్న అత్తయ్యని అడిగాను. “బూట్లు తీసేసి ఆడనా అత్తయ్యా?”

ఆమె వెళ్ళి మేజరుగారి భార్యని అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపడం దూరం నుంచే కనపడింది. వట్టి కాళ్ళతో అక్కడ అడుగు పెట్టనివ్వరు. అత్తయ్య కుంటుకుంటూ తిరిగొచ్చి, “కాసేపు ఓర్చుకో అమ్మా” అంది. ఆ మాట ఆమె రోగులకి సూది గుచ్చేముందు అనేదై ఉంటుంది.

చివర్లో మేజరుగారి భార్య నా భుజం తట్టి, నిమ్మకాయ నీళ్ళిచ్చింది. మంచి మనిషి. అత్తయ్యతో నెమ్మదిగానే చెప్పింది. “చేతులు బాగున్నాయి సిస్టర్. చక్కగా నేర్పారు. కాళ్ళే ఇంకా కుదరలేదు. కాళ్ళ మీద కొంచెం శ్రద్ధ పెట్టాల్సింది.”

“అవునండి” అంది అత్తయ్య.

ఆ మాట ఈనాటికీ నాకు మింగుడు పడదు. బూడిదలూ పెంకు ముక్కలూ ఏవీ ఆమె చెప్పుకోలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

తిరుగు రైల్లో నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, బొబ్బలు తుడిచి మందు రాసింది. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “ఆటకి పోయినన్నాళ్ళూ, నాకు ఆట నేర్పిన ఆవిడ బూట్లే వేసుకునేదాన్ని. పెద్దవి, దూది కుక్కుకునేదాన్ని. బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఇవి నా కొలతకి కొనిచ్చింది. ఆసుపత్రి వాళ్ళ పోటీ ఉంది, ఆ రోజు వేసుకుందామని దాచుకున్నా. ఈలోపే మోకాలు పోయింది.” మందు మూత బిగిస్తూ, “మొన్న మీ మామ్మ వద్దంటే, నాకు తెలిసి కూడా ఊరుకున్నానే. కొత్తవి బురదలో పెట్టటానికి నాకూ చెయ్యి రాలేదు” అంది.

ఇంటికి రాగానే మామ్మ అడిగిన మొదటి మాట, “బూట్లు పాడవలేదు గదా?” అని.

“లేదమ్మా. కొత్తవాట్లాగే ఉన్నయ్యి.”

తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, కాగితాలు కుక్కి, పురికొస కట్టేసింది. గోనెలు దించి ఊక మీద కప్పారు. కర్రల సంచి అటకెక్కింది. బూడిద మళ్ళీ గిన్నెలు తోముకోవడానికే అయింది. నాన్న ఒకట్రెండుసార్లు తనే, “పోనీ దొడ్లో ఆడుకోండక్కా, నేనేమన్నాను?” అన్నాడు. మాటంటే మాటే అంది అత్తయ్య. నేను ఇక్కడే డిగ్రీ చదివి పత్రికలో చేరాను. డెస్కు మీద ఎప్పుడైనా గోల్ఫు వార్త వస్తే, మన పాఠకులకెందుకని రెండు లైన్లకి కుదించేవారు, ఒక్కోసారి ఆ కుదించేది నేనే. ఇంటికెళ్ళి చెబితే అత్తయ్య ఎవరు గెలిచారని అడిగేది కాదు, ఫొటో ఉందా అనేది. ఉంటే చూసేది పాదాలే.

ఇప్పుడు మా అపార్టుమెంటు పిల్లలు కొత్త బూట్లు కొట్లోనే తొడుక్కుని, పాతవి పెట్టెలో పట్టుకుని వస్తారు. చూసినప్పుడల్లా ఎంత తేలికైపోయింది అనిపిస్తుంది. వాళ్ళకి ప్రతిరోజూ ఆ రోజే. మా దగ్గర లేమి ఉండేదని నేను అనుకోను, మంచి దేన్నైనా మురికి చెయ్యడానికి భయం ఉండేది. పోయినేడు తుంటి నొప్పికి వెళితే, ఫిజియోథెరపీ అమ్మాయి కడ్డీ పట్టించి, “బరువు ఒక పక్కకి ఒరుగుతోందమ్మా, మడమ ఆనించండి, పడిపోతారు” అంది. అరవై దాటాక డబ్బు కట్టి నేర్చుకుంటున్నది నాకు పదిహేడో ఏటే వచ్చు.

జోసెఫ్ బీరువా కింద చీపురు పెడుతుంటే, నేను బూట్లు పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. ముందురోజు వాన పడింది. మునగచెట్టు ఎప్పుడో పోయింది గాని మట్టి అదే. మెట్టు మీద కూర్చుని, లేసులు పూర్తిగా వదులు చేసి, పాదాలు ఎలాగో దూర్చాను. తోలు ఎండి కర్రలా ఉంది. బురదలోకి దిగి, చేతులు రెండూ పట్టుకుని, కుడివైపుకి తిరిగి, ఎడమ మడమ ఆనించి, మెల్లిగా తిప్పాను.

“అక్కా, పడతావే” అని జోసెఫ్ పరుగెత్తుకొచ్చాడు.

పడలేదు. కుడి మడమ లేచింది. అలాగే కాసేపు ఉండి, పక్కకి తప్పుకుని అడుగుల గుర్తులు చూశాను. మేకుల చుక్కలు, వాటి చుట్టూ నున్నటి అచ్చు. కాలివేళ్ళ జాడ ఎక్కడా లేదు. బూటు గుర్తులో అవి కనపడవు. ఇవి ఒక్కసారి దొడ్లో వేసుకుని చూసి ఉంటే, నా వేళ్ళకి నేల అందదని అత్తయ్యకి ఆ రోజే కనపడి ఉండేది.

“ఇటివ్వక్కా, తుడిచి పెట్టెలో పెడతా” అన్నాడు జోసెఫ్.

“వద్దురా.”

అట్టపెట్టె ఆ ఇంట్లోనే వదిలేసి, బురద బూట్లతోనే ఆటో ఎక్కాను.